పూతరేకుల ఇంట్లో వీడియో షూటింగ్: ఏం సర్దాలి, ఏం కదపకూడదు?

రేకుల_ఇల్లు (ఆత్రేయపురం)

అందరికీ నమస్కారం అండి. మా అత్తయ్యగారు ముప్పయ్యేళ్లుగా పూతరేకులు చేస్తున్నారు. ఆరేళ్లుగా ఆర్డర్లు, పార్శిళ్లు నేను చూసుకుంటున్నాను. రేకులు తీసేవాళ్లు నలుగురు, చుట్టేవాళ్లు ఐదుగురు, అందరూ మా వీధి ఆడవాళ్లే. సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యేలోపు మంచి వీడియో ఒకటి తీయించాలని రాజమండ్రి నుంచి ఒక టీమ్‌ను మాట్లాడుకున్నాం. ఇద్దరు కెమెరావాళ్లు, సౌండ్ చూసే ఆయన ఒకరు. ఒక్క రోజు పని. ఇంకా పద్దెనిమిది రోజులుంది.

రెండేళ్ల కిందట ఒకసారి తీయించి దెబ్బతిన్నాం. అప్పుడు వచ్చినవాళ్లు పొగ వస్తోందని పొయ్యి ఆర్పించేశారు. చల్లారిన కుండ మీద గుడ్డ పరిచి తీస్తున్నట్టు చేయమన్నారు. చల్లటి కుండ మీద రేకు ఎలా వస్తుందండి? ముందే తీసి పెట్టుకున్న రేకు చేతికిచ్చి, నవ్వుతూ పట్టుకోమన్నారు. వీడియో వచ్చాక మా అత్తయ్య ఒక్కసారి చూసి, "ఇందులో నేను పని చేయట్లేదే" అన్నారు. మళ్లీ ఆ వీడియో ఆవిడ చూడలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఈసారి అలా కాకూడదు.

మావారేమో పొయ్యి గదికి తెల్ల రంగు వేయిద్దాం, మసి కనబడితే బాగోదు అంటున్నారు. కొత్త స్టీలు సామాను, అందరికీ ఒకే రంగు చీరలు కొందామని కూడా అనుకుంటున్నాం. డబ్బు దేనికి పెట్టాలి, దేనికి అక్కర్లేదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫ్రేమ్_బయట (విజయవాడ)

అమ్మా, ముందు ఆ పెయింటు ఆపించండి. పెళ్లిళ్లు, దుకాణాల ప్రకటనలు కలిపి పంతొమ్మిదేళ్లుగా కెమెరా పట్టుకుంటున్నాను, అందుకే గట్టిగా చెప్తున్నాను. మీ రేకు తెల్లగా, పల్చగా, వెలుతురు ఇటు నుంచి అటు పోయేలా ఉంటుంది. దాని వెనక తెల్ల గోడ ఉంటే రేకు కనబడదు, చేతులు మాత్రమే కనబడతాయి. అదే మసిబారిన గోడ ముందు, పక్క నుంచో వెనక నుంచో ఎండ పడుతుంటే రేకు అంచు వెండి తీగలా మెరుస్తుంది. ఆ మసి గోడ మీకు దేవుడిచ్చిన బ్యాక్‌గ్రౌండ్. బూజు దులపండి, నేల కడగండి, గోడ జోలికి పోకండి.

ఈ పద్దెనిమిది రోజుల్లో చేయాల్సిన పెద్ద పని వేరే ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. పొయ్యి గదిలో ఒకేచోట నిలబడి ఉదయం 6 నుంచి సాయంత్రం 5 దాకా గంటకో ఫొటో ఫోన్‌తో తీయండి. ఏ గంటకు ఏ కిటికీ నుంచి ఎండ వచ్చి ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. ఆ ఫొటోలు టీమ్‌కు పంపితే, వాళ్లు పొద్దున్నే వచ్చి గది చూసుకుంటూ గంటన్నర పోగొట్టే అవసరం ఉండదు. పొగ గురించి భయపడకండి. కిటికీలోంచి పడే ఎండకు పొగే దారి గీస్తుంది. కళ్లు మండేంత పొగ మాత్రం వద్దు. కొబ్బరాకు బాగా ఎండినది పక్కన పెట్టుకోండి.

మగ్గం_చప్పుడు (పోచంపల్లి)

నేను ఇక్కత్ చీరల పని చేస్తాను. మేం చేసిన తప్పు చెప్తా, మీరు చేయకండి. వీడియోకని మగ్గాల ఇంట్లో మా వాళ్లందరికీ కొత్త పట్టు చీరలు కట్టించినం. ఎవ్వరూ మామూలుగా కూర్చోలే. కొంగు ఎక్కడ తగులుతదో అని సర్దుకుంటనే ఉన్నరు. చేయి తిరిగినవాళ్లు కూడా కొత్తగా నేర్చుకునేవాళ్ల లెక్క కనబడ్డరు. మీ దగ్గర నిప్పు పక్కన కూర్చునే పని కాబట్టి కొత్త చీర మాట అసలే వద్దు. రోజూ కట్టుకునే నూలు చీరలే, ఉతికి ఇస్త్రీ చేసినవి కట్టుకోమనండి. ఒక్క జాగ్రత్త: సన్నటి గీతలు, చిన్న చిన్న గళ్లు ఉన్నవి వద్దు. కెమెరాలో అవి నీళ్లలో అలల లెక్క కదులుతున్నట్టు కనబడతయి. ఒకే రంగుది గానీ, పెద్ద పువ్వులది గానీ మంచిది.

శబ్దగ్రాహి (హైదరాబాద్)

సౌండ్ మనిషిగా నా మాట కూడా వినండి. పట్టు చీర వద్దనడానికి ఇంకో కారణం ఉంది. మైకు పక్కన పట్టు గరగరలాడుతుంది, మాట కింద ఆ గరగర అంతా వినబడుతుంది. గాజులు, సూత్రాల గొలుసు మైకుకు తగలకుండా చూసుకోవాలి. తీసేయమని అడగకండి, ఆవిడకు కష్టంగా ఉంటుంది. మైకును ఇంకొంచెం పక్కకు పెడితే చాలు.

మీకొక అదృష్టం ఉంది. రేకులు ఎగిరిపోతాయని మీ గదిలో ఎలాగూ ఫ్యాను వేయరు. చాలా దుకాణాల్లో ఫ్యాను ఆపమంటే గొడవ. ఇక ఫ్రిజ్. ఇంటర్వ్యూ తీసే గదికి దగ్గర్లో ఉంటే దాని మోటారు మోత వీడియోలో తేలిగ్గా తెలిసిపోతుంది. కట్టేయండి, కానీ కట్టేసేముందు బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టమని మేం చెప్తాం. బయటికి వెళ్లాలంటే ఫ్రిజ్ తెరవాల్సిందే కాబట్టి మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. నెయ్యి, డ్రైఫ్రూట్లు పాడవవు.

తారీఖు ఎప్పుడండి? కార్తీక మాసంలో అయితే సోమవారం మాత్రం పెట్టుకోకండి. తెల్లవారుజాము నుంచి గుడి మైకులు మోగుతూనే ఉంటాయి. ముందు రోజే వీధిలో అందరికీ చెప్పి ఉంచండి. పక్కింటి గ్రైండరు ఏ వేళకు వేస్తారో అడిగి, ఆ ఒక్క గంట మార్చుకోమని బతిమాలుకోవడమే. మా అనుభవంలో ముందుగా అడిగితే ఎవరూ కాదనరు. మధ్యలో వెళ్లి ఆపమంటేనే కోపం వస్తుంది.

ఇంకొక్క మాట. మాటలు రికార్డు చేశాక ఎవ్వరూ కదలకుండా ఓ అర నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయమనండి. ఎడిటింగ్‌లో అతుకులు కనబడకుండా అదే కాపాడుతుంది.

రేకుల_ఇల్లు

అమ్మో, సోమవారమే అనుకున్నామండి! మంగళవారానికి మార్చమని ఇప్పుడే ఫోన్ చేశాను, సరేనన్నారు. పెయింటు కూడా ఆపించాను. మావారు సగం ఒప్పుకున్నారు. ఆయన ఇప్పుడు డ్రోన్ అంటున్నారు, కాలవ గట్టు, కొబ్బరి తోటలు పైనుంచి తీయిద్దామని.

ఫ్రేమ్_బయట

డ్రోన్ తెచ్చేవాళ్లను రెండు మూడు అడగండి. దాని రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, ఎగరేసే మనిషికి సర్టిఫికెట్ ఉందా, మీ ఊరు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) ఏ జోన్‌లో ఉంది. 2021 డ్రోన్ నియమాల్లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు జోన్లు పెట్టారు. అన్నీ సరిగ్గా ఉంటే తీయించుకోండి. కానీ నన్నడిగితే పైనుంచి అయిదు సెకన్లు చాలు. కొబ్బరి తోటలు కోనసీమ వీడియోలన్నింటిలోనూ ఉంటాయి. మీ అత్తయ్యగారి చేయి మీ ఇంట్లో మాత్రమే ఉంది.

లైట్ల సంగతి చెప్పడం మరిచాను. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు, పాత ట్యూబులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. స్లో మోషన్ తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇవాళే మీ ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ఒక్కో బల్బునూ తీసి చూడండి. నల్ల చారలు కదిలినా, దపదపలాడినా ఆ బల్బు ఆ రోజు వెలిగించకూడదు. చుట్టే గదిలో ఒకచోట పచ్చటి బల్బు, ఇంకోచోట నీలం తెలుపు ట్యూబు ఉంటే ముఖాలు సగం పసుపు, సగం నీలంగా వస్తాయి. అన్నీ ఒకే రకం పెట్టండి, లేదా అన్నీ ఆర్పేసి టీమ్ తెచ్చిన లైట్లే వాడుకోనివ్వండి. వాళ్ల లైట్లు ఎన్ని వాట్లో ముందే అడగండి. పాత వైరింగులో 5 ఆంప్స్ ప్లగ్గుకు వెయ్యి వాట్లు దాటితే కష్టం. గ్రైండరు నడిచే బోర్డుకు లైట్లు తగిలించకండి.

లెక్కల_అక్క (కాకినాడ)

చిన్న దుకాణాలకు లైసెన్సులు, జీఎస్టీ పనులు చేస్తుంటాను. అందరూ వెలుతురు గురించి చెప్పారు, నేను కాగితాల గురించి చెప్తాను.

మీ డబ్బా మీద లేబులు ఒకసారి దగ్గర పెట్టుకుని చదవండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు 14 అంకెలూ సరిగ్గా ఉన్నాయా, గడువు దాటలేదు కదా, ఫోన్ నంబరు ఇప్పటిదేనా, ధర పాతది కాదు కదా. వీడియోలో ఒకసారి పడ్డాక అది ఏళ్ల తరబడి తిరుగుతుంది. నాకు తెలిసిన ఒక దుకాణం వీడియోలో బోర్డు మీద ఉన్నది ఎప్పుడో వదిలేసిన నంబరు. ఇప్పుడు ఆ నంబరు వేరే ఎవరి దగ్గరో ఉంది, పాపం ఆయనకు రోజూ ఆర్డర్లు వెళ్తున్నాయి.

మాటల్లో కూడా జాగ్రత్త. "స్వచ్ఛమైన", "సహజమైన", "అసలైన" లాంటి మాటలు తిండి ప్రకటనల్లో ఇష్టమొచ్చినట్టు వాడకూడదని 2018 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రకటనల నియమాలు ఉన్నాయి. "షుగర్ వాళ్లు కూడా తినొచ్చు" లాంటివైతే అసలు అనకండి. ఏ బియ్యం, ఏ నెయ్యి, ఏ బెల్లం అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. అదే బలంగా ఉంటుంది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, మనందరికీ సంతోషమే. కానీ జీఐ లోగో తెర మీద వేయాలంటే మీరు అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. నమోదు అయ్యారా?

రేకుల_ఇల్లు

నమోదు ఇంకా కాలేదండి. అయితే లోగో వేయం. లేబుల్లో ఫోన్ నంబరు సరిగ్గానే ఉంది గానీ ధర పోయినేడాదిది! కొత్త లేబుళ్లు వేయిస్తాను.

ఇంకో సందేహం. టోపీలు, గ్లౌజులు వేసుకోవాలా? వేసుకుంటే ఆసుపత్రిలా ఉంటుందని మా ఆడపడుచు అంటోంది. వేసుకోకపోతే కింద కామెంట్లలో తిడతారు.

బేకరీ_బాబాయ్ (అమలాపురం)

అమ్మాయ్, దీంట్లో ఆలోచించేదేం లేదు. రోజూ వేసుకుంటున్నారా? అయితే వీడియోలోనూ వేసుకోండి. రోజూ వేసుకోవట్లేదంటే ఇవాళ్టి నుంచి అలవాటు చేయండి, పద్దెనిమిది రోజుల్లో అలవాటైపోద్ది. షూటింగు రోజున మొదటిసారి పెట్టుకుంటే చెయ్యి మాటిమాటికీ టోపీ మీదకే పోద్ది, మా కుర్రాళ్లతో నాకు జరిగింది. పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లకు మాత్రం ప్లాస్టిక్ గ్లౌజులు వద్దు, వేడికి కరిగి చేతికి అంటుకుంటాయి. వాళ్లకు తలకు గుడ్డ చాలు. చుట్టేవాళ్లకు టోపీ, గ్లౌజులు రెండూ ఉండాలి, ఆయ్.

మగ్గం_చప్పుడు

ఇంతవరకు ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతా. మీ దగ్గర రేకులు తీసేవాళ్లకు కూలి రోజుకా, రేకుల లెక్కనా?

రేకుల_ఇల్లు

రేకుల లెక్కనేనండి. వందకు ఇంత అని.

మగ్గం_చప్పుడు

అందుకే అడిగిన. షూటింగ్ రోజు "ఆగండి, మళ్లీ తీయండి, చెయ్యి అట్లనే పట్టుకోండి" అంటుంటరు. రోజూ తీసే రేకుల్ల సగం కూడా పడయి. ఆ రోజు వాళ్ల కూలి సగమైతది. మా దగ్గర అట్లనే అయింది. వీడియో బాగొచ్చింది, కానీ ఆ వారం మా వాళ్ల ముఖాల్ల సంతోషం లేదు. ఎందుకో నాకు పది రోజులకు గానీ అర్థం కాలే. ఎవరూ నోరు తెరిచి అడగరు. మీరే ముందు చెప్పండి: ఆ రోజు ఎన్ని రేకులు పడ్డా మామూలు రోజు లెక్క ఇస్తమని, కెమెరా ముందుకు వచ్చినందుకు పైన ఇంకొంత ఇస్తమని.

ముఖం కనబడటం అందరికీ ఇష్టం ఉండదు. ఒక్కొక్కరిని విడిగా అడగండి, అందరి ముందర అడిగితే కాదనలేరు. ఇష్టమైనవాళ్ల దగ్గర చిన్న కాగితం మీద సంతకం తీసుకోండి, కాగితం తెలుగులనే ఉండాలి. టీమ్ వాళ్లు ఇచ్చే ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయించకండి.

లెక్కల_అక్క

చాలా మంచి మాట చెప్పారన్నా. దానికి జతగా, టీమ్‌తో కూడా కాగితం రాసుకోండి. ఎన్ని నిమిషాల వీడియో, అడ్డం ఒకటి నిలువు ఒకటి ఇస్తారా, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఎడిట్ చేయని ఫుటేజీ మీకిస్తారా, మీ వీడియోను వాళ్లు ఇంకెక్కడైనా వాడుకుంటారా. పాట విషయం తప్పకుండా రాయించండి. సినిమా పాట పెడితే ఎప్పుడో ఒకప్పుడు కాపీరైట్ కింద వీడియో మూగబోతుంది.

డల్లాస్_గోదారి

నేను కొనేవాడిని, నా తరఫు మాట. మా అమ్మ రావులపాలెంలో పార్శిల్ కట్టించి ఎవరో వస్తుంటే పంపిస్తుంది. డబ్బా తెరిచేసరికి సగం పొడిపొడి. మీ వీడియోలో నేను చూడాలనుకునేది ప్యాకింగ్. రేకు ఎలా తీస్తారో చూస్తే కళ్లు నిండుతాయి, కానీ ఆర్డర్ పెట్టాలా వద్దా అన్నది ఆ డబ్బా ఎలా కడతారో చూశాకే తేలుతుంది. దానికి ఓ పది సెకన్లు ఇవ్వండి.

రేకుల_ఇల్లు

ఇది మాకు తట్టనే లేదండి. ప్యాకింగ్ చివర్లో హడావుడిగా తీద్దాం అనుకున్నాం. దానికీ ఒక గంట విడిగా పెట్టమని చెప్తాను.

*(మూడు వారాల తర్వాత)*

రేకుల_ఇల్లు

షూటింగ్ అయిపోయిందండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఇంకొకరికి పనికొస్తుంది.

ముందు రోజు రాత్రి నుంచి ముసురు. నాకు నిద్ర పట్టలేదు. కొబ్బరాకు వారం ముందే అటక మీద ఎక్కించి ఉంచాం కాబట్టి తడవలేదు. టీమ్ ఆరున్నరకే వచ్చింది. ఏసీ కారులోంచి కెమెరాలు తెచ్చి పొయ్యి గదిలో పెట్టగానే లెన్స్ నిండా ఆవిరి. తుడిచిన కొద్దీ వస్తుంది. అరగంట అలా ఆ గదిలోనే వదిలేస్తే గానీ వదల్లేదు. ఇది ఎవరూ చెప్పలేదు, గుర్తుపెట్టుకోండి: తేమ ఉన్న చోట కెమెరాలు ముందుగా వచ్చి కూర్చోవాలి.

ఏడూ నలభైకి మబ్బు విడింది. మేం తీసి పంపిన ఫొటోల్లో ఆ వేళకే తూర్పు కిటికీ నుంచి ఎండ కుండ మీద పడుతుంది. కెమెరా ముందే అక్కడ సిద్ధంగా ఉంది. అత్తయ్య గుడ్డను జారుడు పిండిలో ముంచి కుండ మీద పరిచి లాగారు. తడి గుడ్డ తగలగానే కుండ సన్నగా చుయ్‌మంటుంది, మేం రోజూ వింటూ పట్టించుకోని చప్పుడు. సౌండ్ ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. రేకు అంచు తనంతట తానే కొంచెం పైకి లేస్తుంది, అత్తయ్య రెండు వేళ్లతో అక్కడ పట్టుకుని ఎత్తారు. ఎండ దాని లోంచి పడి ఆవిడ ముఖం మీద వెలుగు ఆడింది. కెమెరా అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు. "మళ్లీ తీయండి" అనలేదు. ఆవిడ తీసుకుంటూ పోయారు, వాళ్లు తీసుకుంటూ పోయారు.

ఇంటర్వ్యూ మాత్రం మొదట కుదరలేదు. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఆవిడ గొంతు మారిపోయింది, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడారు. మధ్యాహ్నం మళ్లీ పొయ్యి దగ్గరే మైకు పెట్టి, పని చేస్తుండగా నేనే పక్కన కూర్చుని అడిగాను. "గుడ్డకు పిండి ఎక్కువైతే రేకు మందం, తక్కువైతే చిల్లు. చెయ్యికే తెలుస్తుందమ్మా, కంటికి తెలీదు" అన్నారు. వీడియో మొదలయ్యేది ఆ మాటతోనే.

కూలి విషయం ముందే చెప్పాం. పోచంపల్లి అన్నగారికి చేతులెత్తి దండం పెట్టాలి. రేకులు తీసే ఒకావిడ ముఖం వద్దు, చేతులు తీసుకోండి అన్నారు. అలాగే తీశారు. మిగిలినవాళ్లు ముందు రోజే జడలు వేసుకుని తయారు. ఆ రోజు రేకులు మామూలులో మూడో వంతు పడ్డాయి. కూలి పూర్తిగా ఇచ్చాం, పైన ఇంకొంత ఇచ్చాం.

పొరపాట్లు కూడా చెప్తాను. గదుల్లో బల్బులన్నీ ఫోన్‌తో చూశాం గానీ, చుట్టే గదిలో దేవుడి పటం చుట్టూ ఉన్న సీరియల్ లైట్లు చూడలేదు. నెయ్యి పోసే స్లో మోషన్ షాట్ వెనక అవి దపదపలాడుతూ వచ్చాయి. ఆ షాట్ తీసేయాల్సి వచ్చింది. నెయ్యి కూడా ఆ చలి వేళకు గడ్డకడుతుందని వేడి నీళ్ల గిన్నెలో పెట్టుకోవాలి, మేం రెండోసారికి గానీ పెట్టలేదు. నెయ్యి తగిలిన రేకు కాసేపటికే మెత్తబడి అందం పోతుంది, కాబట్టి చూపించడానికి ఒకటి చుట్టి పెడితే చాలదు. ప్రతి షాట్‌కూ కొత్తది చుట్టాం. ఇంచుమించు నలభై చుట్టలు దానికే అయ్యాయి. సాయంత్రం వీధి పిల్లలకు పంచాం.

నిన్న వీడియో పంపారు. అత్తయ్యకు పెద్ద ఫోన్‌లో చూపించాను. చూసి ఏమీ అనలేదు, మళ్లీ పెట్టమన్నారు. మూడోసారి రేకులు తీసే వాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టారు.

శబ్దగ్రాహి

ఆ చుయ్‌మనే చప్పుడు మీద పాట పెట్టలేదు కదా?

రేకుల_ఇల్లు

లేదండి. మొదటి ఇరవై సెకన్లు పొయ్యి మంట, ఆ చప్పుడు, అంతే.

తణుకు_మిఠాయి

మొత్తం చదివానండి. మాది కాజాల దుకాణం, మేమూ జనవరి తర్వాత తీయిద్దామనుకుంటున్నాం. అన్నీ ఒకేసారి చేయలేం. ముందు ఏది మొదలుపెట్టమంటారు?

రేకుల_ఇల్లు

గంటకో ఫొటో ఇవాళే మొదలుపెట్టండి. తర్వాత మీ వంట మేస్త్రిగారి దగ్గర కూర్చుని, మధ్యలో ఆపితే పాడైపోయే పని ఏదో అడిగి రాసుకోండి. మాకు పొయ్యి. మీకు పాకమేమో. ఆ కాగితం టీమ్‌కు ముందే ఇవ్వండి, ఆ పని జరిగేటప్పుడు ఎవరూ "ఆగండి" అనకుండా.

ఫ్రేమ్_బయట

పాకమే అయ్యుంటుంది. పాకం మన కోసం ఆగదు కాబట్టి ఆ రోజు రెండు వాయిలకు సరుకు పెట్టించండి. మొదటి వాయి కెమెరావాళ్లు చూసి నేర్చుకోవడానికి, రెండోది తీయడానికి. మేస్త్రిగారికి ఈ మాట ముందు రోజే చెప్పండి.